చెరువు టైము

రెండూ పదికి కరెంటు పోయింది. రెండుంబావుకి రోడ్డు పోయింది. రోడ్డు ఎక్కడికో పోలేదు, మోకాలి లోతు నీళ్ళ కింద అక్కడే ఉంది. కారెక్కి సాయంత్రానికి ఏలూరు చేరుకోవచ్చన్న ఆశ పోయింది.

ఎగువన కురిసిన వానంతా మూడు రోజులుగా కొల్లేట్లోకి దిగుతోంది. వెంకట్రాజు గెస్ట్‌హౌస్ నాలుగు చేపల చెరువుల నడిమి గట్టు మీద ఉంది. ఇప్పుడు ఆ గట్టు మీద ఆరుగురు మనుషులు, వాళ్ళందరికీ కలిపి రేవులో ఒక ఇంజను పడవ, ఒక తాటి దోనె. ఫోన్లలో సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

డిటెక్టివ్ మెహజబీన్ కిటికీలోంచి ఆ నీళ్ళను చూసి గభాల్న తల తిప్పుకుంది. ఏలూరులో పదమూడేళ్ళుగా ఏజెన్సీ నడుపుతున్న మనిషి. కత్తి పట్టుకున్నవాణ్ణి కూడా ఎదురుగా కూర్చోబెట్టి నిజం చెప్పించింది. నీళ్ళంటే మాత్రం ఆమెకు చచ్చేంత భయం. ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ తెలియనివ్వలేదు, ఈ గదిలో ఉన్నవాళ్ళకు తెలియనిచ్చే ఉద్దేశం అసలే లేదు.

"నాలుగింటికి పడవ బయల్దేరుతుందండి," అన్నాడు శ్యామ్ సుందర్, టేబుల్ మీది కాగితాలు సర్దుతూ. "ఈ వాంగ్మూలం, ఆ కుర్రాడు, రెండూ అందులో ఉంటాయి. ఏలూరు స్టేషన్‌లో అప్పజెప్పేస్తే నా పని అయిపోయినట్టే."

శ్యామ్ సుందర్ రిటైరైన డీఎస్పీ. ఇప్పుడు హైదరాబాదులో ఒక ప్రైవేటు ఏజెన్సీ తరఫున పనిచేస్తున్నాడు, వెంకట్రాజే కబురుపెట్టి పిలిపించుకున్నాడు. ఇంత వరదలోకి పాలిష్ చేసిన బూట్లతో వచ్చినవాడు ఆయనొక్కడే. వాటి మీద బురద పడకుండా పొద్దున్నుంచీ గడప దాటలేదు.

కేసు వినడానికి చిన్నదే. తాడేపల్లిగూడెంలో పీఈటీగా పనిచేసే ఇందుజ ఏలూరు, భీమడోలు పిల్లల్ని పోగేసి, ప్లాస్టిక్ డిస్క్ విసురుకుంటూ ఆడే ఫ్రిస్బీకి ఒక జట్టు తయారుచేసింది. 'కొల్లేరు గూడబాతులు' అని పేరు పెట్టింది. పోయిన నెల ఆ జట్టు థాయ్‌లాండ్‌లో సముద్రపు ఒడ్డున జరిగిన అల్టిమేట్ ఫ్రిస్బీ పోటీకి వెళ్ళింది. పగలంతా ఇసుకలో డిస్క్ విసరడం, పొద్దు వాలితే డీజే, డాన్సులు, నిప్పులాటలు. మూడు రోజుల్లో ఆట ఎంతో పార్టీ అంతకు రెండింతలు. మేనేజరుగా వెంట వెళ్ళిన పెద్దమనిషి ఈ చెరువుల యజమాని వెంకట్రాజు. చివరి రోజు రాత్రి తొమ్మిదీ పదికి, ఒడ్డున చెక్కవంతెన కింద ఇందుజ శవం దొరికింది. తల వెనక దెబ్బ. చేతికి కట్టుకున్న ఫిట్‌నెస్ బ్యాండ్‌లో గుండె చప్పుడు ఏడూ అయిదుకే ఆగిపోయింది.

ఆఖరిసారి ఆమెతో కనిపించింది జాహిద్. వాళ్ళిద్దరూ అరుచుకోవడం నలుగురూ విన్నారు. ఏలూరులో తివాచీలు నేసే ఇంటి కుర్రాడు, ఇరవై మూడేళ్ళు. వాళ్ళమ్మ రహీమా పదిరోజుల కిందట మెహజబీన్ ఆఫీసుకొచ్చి కూర్చుని, "నా కొడుకు ఏదో దాస్తున్నాడమ్మా. అది హత్య మాత్రం కాదు," అని ఒక్క మాట చెప్పి, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయింది. జట్టులో మిగతావాళ్ళంతా వెంకట్రాజు పిలిస్తే ఈ గెస్ట్‌హౌస్‌కే వచ్చి, జాహిద్ మీద అనుమానమని సంతకాలు చేసి ఇళ్ళకు పోయారు. ఉషశ్రీ ఒక్కతే మిగిలింది. ఆ సంతకం కూడా పడితే జాహిద్ బతుకు పరాయి దేశం జైల్లో తెల్లారుతుంది.

"గంటా నలభై అయిదు నిమిషాలుందండి. నాకు చాలు," అంది మెహజబీన్.

"దేనికండీ చాలు?" శ్యామ్ సుందర్ నవ్వాడు.

ఈలోగా వెంకట్రాజు ఫ్లాస్కుతో వచ్చాడు. యాభైకి దగ్గరపడిన మనిషి, మెత్తని గొంతు, అంతకంటే మెత్తని మర్యాద. "ముందు టీ తాగండమ్మా. చిక్కుకుపోయాం కదా అని అతిథుల గొంతు ఎండబెట్టలేం కదండీ." మెహజబీన్ చేతికి కప్పు ఇచ్చి వాచీ చూసుకున్నాడు. "మేత వేళయిందండి. చేపలు వరదొచ్చిందని ఆగవు. ఇప్పుడే వచ్చేస్తాను."

ఆయన గట్టు మీదికి వెళ్ళిపోయాడు. మెహజబీన్ మేడ మెట్లెక్కింది.

జాహిద్‌ని మేడ మీది గదిలో ఉంచారు. తలుపుకి గొళ్ళెం కూడా వెయ్యలేదు. కిటికీ అవతల నాలుగు వైపులా నీళ్ళుంటే ఇక గొళ్ళెం దేనికి?

"ఆరూ ముప్పై అయిదుకి అందరూ ఫొటో దిగారు. తర్వాత?"

"ఆరూ నలభైకి ఇందుజక్క సామాన్ల గదికి రమ్మంది ఆపా." ఇంట్లో పెద్దక్కను పిలిచే పిలుపు అతనికి అలవాటుగా నోటికొచ్చేసింది.

"ఎందుకు?"

"కిట్ బ్యాగులు సర్దడానికి."

"బ్యాగులు సర్దుకుంటూ ఎవరైనా అంతలేసి కేకలు వేసుకుంటారా?"

జాహిద్ నేల చూశాడు.

"సరే. ఎన్నింటికి బయటికొచ్చావు?"

"ఆరూ యాభైకి. ఒడ్డు పట్టుకుని ఒక్కణ్ణే నడుచుకుంటూ పోయేను. తిరిగొచ్చేసరికి నిప్పులాట అయిపోవచ్చింది."

"నిన్ను చూసినవాళ్ళు?"

"అందరూ తాగి ఉన్నారు ఆపా. తాగనివాణ్ణి నన్నెవరు గుర్తుపెట్టుకుంటారు?"

"ఆ గదిలో ఏం జరిగింది?"

"ఒట్టేసేను."

"ఎవరికి?"

"ఇందుజక్కకి." కుర్రాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా ఆటలో అంపైరుండడు ఆపా. తప్పు చేసినవాడే చెయ్యెత్తి, ఫౌల్ నాదీ అని ఒప్పుకోవాలి. ఒప్పుకోడానికి టైమివ్వాలి. పక్కవాడు ముందే బయటపెట్టేస్తే ఆ మనిషికి ఒప్పుకునే దారుండదు. అక్క అదే చెప్పింది. చీకటి పడేదాకా ఎవరితోనూ అనొద్దంది."

"ఎవరికిచ్చింది టైము?"

"అది చెప్తే ఒట్టు పోయినట్టే కదా."

మెహజబీన్‌కి ఒళ్ళు మండిపోయింది. ఇంత మంచితనాన్ని చూస్తే ఆమెకు ముద్దూ వస్తుంది, చెంప పగలగొట్టాలనీ అనిపిస్తుంది. "మీ అక్క పోయి నెలయింది జాహిద్. చెయ్యెత్తాల్సినవాడు నెలరోజులుగా ఆ చేతులు జేబులో పెట్టుకుని, నీ మెడకి ఉరి బిగుస్తుంటే చూస్తున్నాడు. ఇలాంటి మర్యాద మనిషిని చూసి చూపించాలి. నాలుగింటిలోగా ఆలోచించుకో."

మెట్లు దిగుతూ టైము చూసుకుంది. రెండూ నలభై.

ఉషశ్రీ వరండాలో పెన్ను పట్టుకుని కూర్చుని ఉంది. పెన్ను మూత ఇంకా తియ్యలేదు. భీమడోలు పిల్ల, థాయ్‌లాండ్‌లో ఇందుజ గదిలోనే ఉంది. ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బింది.

"జాహిద్ అంటే ఇందుజ భయపడేదని ఇందులో రాశారు. నిజమేనామ్మా?"

"అబద్ధమండి. ఆ వాక్యం శ్యామ్ సుందర్ గారు సొంతంగా రాసుకున్నారండి. అదొక్కటీ కొట్టెయ్యమని పొద్దున్నుంచీ అడుగుతున్నాను, వినట్లేదు."

"ఆ రోజు ఇందుజ మామూలుగానే ఉందా?"

"మ్యాచ్ అయ్యాక రెండు జట్లూ భుజాల మీద చేతులేసుకుని గుండ్రంగా నిలబడతామండి. అవతలివాళ్ళ గురించి తలో మంచిమాటా చెప్పాలి. ఇందుజ వంతు వచ్చినప్పుడు తెలుగులో, మాకు మాత్రమే తెలిసేలా, 'మన సామాన్లో ఒక ఫౌల్ జరిగింది. చేసినవాళ్ళు చీకటి పడేలోగా వాళ్ళంతట వాళ్ళే చెప్తే నేను కూడా పక్కన నిలబడతాను' అంది. మేం ఆట మాటే అనుకుని నవ్వేసేం."

"వెంకట్రాజు గారు అప్పుడెక్కడున్నారు?"

"మేనేజరు కదండీ, మా వెనకాలే ఉన్నారు."

"తర్వాత దిగిన ఫొటో ఉందా?"

ఉషశ్రీ ఫోను తీసింది. చార్జింగు పన్నెండు శాతం. ఫొటోలో సూర్యుడు సముద్రానికి ఆనుకుని ఉన్నాడు. ఇసుక కొట్టుకుపోయిన ముఖాలు, మూడో స్థానం బహుమతిగా ఇచ్చిన డిస్క్, మధ్యలో నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్న ఇందుజ. ఇంకో అరగంటలో చచ్చిపోతానని తెలియని ముఖం అది. మెహజబీన్ ఒక క్షణం దాన్ని చూడలేకపోయింది.

చూపు పక్కకి జరిపింది. వెంకట్రాజు ఎడమ చెయ్యి జాహిద్ భుజం మీద ఉంది. ఆ చేతి వాచీని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. ముళ్ళు అయిదూ అయిదు చూపిస్తున్నాయి. ఫోనేమో ఫొటో తీసిన టైము ఆరూ ముప్పై అయిదు అంటోంది.

"ఆయన వాచీ పాడైందా?"

"లేదండి. మర్నాడు కూడా అదే పెట్టుకున్నారు."

వెంకట్రాజు అక్కడి పోలీసులకిచ్చిన వాంగ్మూలం మెహజబీన్‌కి కంఠతా వచ్చు: ఆరూ నలభై అయిదు నుంచి ఏడుంబావు దాకా స్టేజి లైట్ల కింద నిలబడి, చెరువు కాపలాదారుతో ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాడు. ఇందుజ పోయింది ఏడూ అయిదుకి. కాబట్టి ఆయన కాదు.

"ఆయన ఫోన్లో మాట్లాడ్డం నువ్వు చూశావామ్మా?"

"అందరం చూసేమండి. నిప్పులాట మొదలవుతుంటే ఫోనెత్తేరు. అక్కడ వాళ్ళు మంటలు గిరగిరా తిప్పుతున్నారు, ఇక్కడీయన ఒక చెవి మూసుకుని 'మబ్బు పట్టిందా? ఫ్యాన్లన్నీ వేసెయ్యి' అని ఒకటే అరుపులు. ఆట అయ్యేదాకా అరగంట మాట్లాడేరు. భలే నవ్వుకున్నాం."

"ఎన్నింటికది?"

"అక్కడ టైమెవరు చూస్తారండీ?"

"పోటీవాళ్ళిచ్చిన ప్రోగ్రాం కాగితం దాచుకున్నావా?"

దాచుకుంది. బ్యాగు అడుగున, నాలుగు మడతల్లో, ఇంకా ఇసుక రాలుతూ. మెహజబీన్ వేలితో వరసలు దిగుతూ వచ్చి ఒకచోట ఆగింది. నిప్పులాట: ఎనిమిదుంబావు.

కాగితం మడిచి చీర కుచ్చిళ్ళ దగ్గరి చిన్న సంచిలో పెట్టుకుంది. "సంతకం పెట్టకమ్మా. ఎవరడిగినా, నేనొచ్చేదాకా పెట్టకు."

సామాన్ల షెడ్డు గెస్ట్‌హౌస్ వెనక, గట్టు పల్లంలో ఉంది. అక్కడికి వెళ్ళాలంటే చీలమండల లోతు నీళ్ళలో ఇరవై అడుగులు నడవాలి. మెహజబీన్ పళ్ళు బిగబట్టి ఒక్కో అడుగూ లెక్కపెట్టుకుంటూ నడిచింది. పక్కనే లాంతరు పట్టుకుని కాపలాదారు కృపావరం. అరవై దాటిన మనిషి, నీళ్ళలో నేల మీద నడిచినంత హాయిగా నడుస్తున్నాడు.

"జనరేటరు లేదా కృపావరంగారూ?"

"పొద్దున్నే మునిగిపోయిందండి. కరెంటూ లేదు, అదీ లేదు. నీళ్ళలోకి గాలి కొట్టే ఫ్యాన్లు, ఏరియేటర్లన్నీ ఆగిపోయేయి. గాలాడక చేపలు పైకి నోళ్ళెడుతున్నాయండి, పాపం."

షెడ్డులో మేత బస్తాలు, వలలు, పాడైన ఏరియేటరు రెక్కలు. మూల బల్ల మీద థాయ్‌లాండ్ వెళ్ళొచ్చిన నీలం కిట్ బ్యాగులు రెండు. మెహజబీన్ మొదటిది తెరిచింది. డిస్కులు, కోన్లు, చెమట వాసన. రెండోది తెరవగానే వేరే వాసన కొట్టింది, బురదా నీచూ కలిసిన వాసన. ఆటగాళ్ళు వేసుకునే పొడుగు మేజోళ్ళు ఇరవై దాకా ఉన్నాయి. ప్రతిదానికీ కొస ముడివేసి ఉంది. వేసుకునే మేజోడుకి ముడెందుకు? ఒకటి విప్పి విదిలించింది. అరచేతిలో గోరంత పెంకు రాలింది, గోధుమరంగు మీద పసుపు చార.

"ఈ బ్యాగు వెళ్ళేటప్పుడు ఎవరు మోశారండీ?"

"తంగెళ్ళమూడి బాబేనండి, జాహిద్ బాబు. మంచోడు, ఎవరేం మొయ్యమన్నా మోస్తాడు."

బల్ల అవతల సిమెంటు తొట్టి మీద వల కప్పి ఉంది. మెహజబీన్ లాంతరు అందుకుని వల ఎత్తింది. చేపలు కాదు. అరచేతిలో పట్టే తాబేళ్ళు, ఒకదాని మీదొకటి, గోడ ఎక్కబోయి జారిపడుతూ. బయటికి దారిలేక గీరుతున్న ఆ చప్పుడు వింటుంటే ఆమె వల మళ్ళీ కప్పలేకపోయింది. తొట్టి పక్కనే అట్టపెట్టెలో కొత్త మేజోళ్ళు, గోధుమరంగు టేపు చుట్టలు.

"వల్లో పడతాయండి," అన్నాడు కృపావరం. "పూర్వం చెరువు బయటికి ఇసిరేసేవాళ్ళం. ఈ మధ్య అయ్యగారు పారెయ్యొద్దంటున్నారు. ఎందుకో నాకు చెప్పరండి."

ఎందుకో మెహజబీన్‌కి అర్థమైంది. పెంచుకునే సరదా ఉన్నవాళ్ళు ఆ దేశంలో వీటి కోసం ఎగబడతారు, ఇక్కడ వీటిని అమ్మితే జైలు. ఆటల జట్టు సంచిని ఎవరు అనుమానిస్తారు? ఇందుజ మ్యాచ్‌కి ముందే ఒక మేజోడు విప్పి చూసింది. ఫొటో అయ్యాక మోసినవాణ్ణి పిలిచి నిలదీసింది, వాడికేమీ తెలియదని తెలుసుకుంది. అసలువాడికి మాత్రం ఒప్పుకునేందుకు చీకటి పడేదాకా గడువిచ్చింది. ఆటలో ఇచ్చినట్టే.

తలుపు పక్కన మేకుకి ఒక నోటుపుస్తకం వేలాడుతోంది. చెరువు పుస్తకం. ఏ పూట ఎంత మేత, ఎప్పుడు మబ్బు, ఎప్పుడు ఏరియేటర్లు, అన్నీ కృపావరం గుండ్రటి రాతలో. ఆ తేదీ పేజీ తిప్పింది. 'సా. 6.45 నుంచి 7.15 అయ్యగారి ఫోను. మబ్బు. నాలుగు చెరువులకీ ఏరియేటర్లు వేశాను.' ఆ రోజు ఫోను అదొక్కటే.

"ఈ టైము ఎక్కడ చూసి రాస్తారండీ?"

కృపావరం గోడ గడియారం చూపించాడు. మూడుంబావు.

"మరి అయ్యగారు పైదేశం వెళ్తే వాచీ తిప్పుకోరా?"

"ఆయ్, ముల్లు ముట్టుకోరండి. చేపకి మన టైముకే ఆకలేస్తుంది, నా వాచీ చెరువు టైము మీదే ఉండాలంటారు. దుబాయెళ్ళినప్పుడూ అంతేనండి."

మెహజబీన్ పుస్తకం మేకు మీంచి తీసి కొంగు కింద పెట్టుకుంది. తిరిగి వచ్చేటప్పుడు నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి. ఈసారి అడుగులు లెక్కపెట్టలేదు.

శ్యామ్ సుందర్ హాల్లో కుర్చీలో కూర్చుని, ఉషశ్రీ ముందు కాగితం పెట్టి వేలితో చోటు చూపిస్తున్నాడు. వెంకట్రాజు ఇంకా రాలేదు.

"సంతకం ఆపండి. తప్పుడు మనిషిని తీసుకెళ్తున్నారు," అంది మెహజబీన్.

"మేడమ్," ఆయన ఓపిగ్గా కళ్ళజోడు తీశాడు, "మీరు జంగారెడ్డిగూడెంలో తప్పిపోయిన మేకల్ని వెతికే రోజుల్లో నేను మర్డర్లు చూశాను."

"ఆ మేకలు దొరికాయండి. మీ మర్డర్లు?"

ఆయన ముఖం ఎర్రబడింది. ఉషశ్రీ పెన్ను కింద పెట్టేసింది.

"వెంకట్రాజు గారి వాంగ్మూలం మీరు సరిచూశారా?" అడిగింది మెహజబీన్.

"అక్షరం పొల్లుపోకుండా. ఆయన అక్కడ చెప్పింది ఆరూ నలభై అయిదు. ఇక్కడ చెరువు పుస్తకంలో రాసిందీ ఆరూ నలభై అయిదే. ఇంతకంటే ఏం కావాలి?"

"ఇంత కలవకుండా ఉంటే బాగుండేదండి. మనకీ థాయ్‌లాండ్‌కీ తేడా ఎంత?"

"గంటన్నర. వాళ్ళు ముందు." చెప్పిన తర్వాత ఆయన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది.

"ఇక్కడ ఆరూ నలభై అయిదైతే అక్కడ ఎనిమిదుంబావు." పుస్తకం ఆయన ముందు పెట్టింది. దాని పక్కన ఇసుక రాలుతున్న ప్రోగ్రాం కాగితం. "నిప్పులాట మొదలైందీ ఎనిమిదుంబావుకే. ఆయన ఫోన్లో మాట్లాడుతుండగా అందరూ చూసిందీ అప్పుడే. ఉషశ్రీ, ఆ ఫొటో చూపించమ్మా. పొద్దు వాలుతుంటే ఆయన వాచీలో అయిదూ అయిదేమిటో డీఎస్పీ గారు చూస్తారు. ఆయన తన వాచీ చూసి చెప్పాడు. అక్కడివాళ్ళు తమ టైమనుకుని రాసుకున్నారు. తాగినవాళ్ళంతా అవునన్నారు. ఇందుజ చచ్చిపోయిన ఏడూ అయిదుకి ఆయన ఎక్కడున్నాడో ఒక్కరూ చూడలేదు."

శ్యామ్ సుందర్ ఫొటో చూశాడు. పుస్తకం చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు. పొగరున్న మనిషే గానీ చెడ్డవాడు కాదు. చేతిలో ఉన్న వాంగ్మూలాన్ని నెమ్మదిగా రెండుగా మడిచాడు.

"పుస్తకం నిన్న నేనే వెళ్ళి చూశానండి," అన్నాడు, గొంతు సన్నగిల్లి. "ఆరూ, ఆరూ సరిపోయిందనుకున్నాను. సర్వీసులో ఇంత పొరపాటు... మరి కారణం?"

మెహజబీన్ ముడివేసిన మేజోడు, అరచేతిలోని పెంకు చూపించి నాలుగు మాటల్లో చెప్పింది. చెబుతుండగానే గట్టు అవతల ఎక్కడో మోటారు చప్పుడు మొదలైంది. ఏరియేటరేమో అనుకుని ఆమె చెప్పుకుంటూ పోయింది. సగంలో ఆగిపోయింది. కరెంటు రెండూ పదికే పోయింది. జనరేటరు నీళ్ళలో ఉంది.

"అది ఏ మోటారు?"

మెహజబీన్ మేడ మెట్ల వైపు తిరిగింది.

"జాహిద్ పైనే ఉన్నాడా?"

"లేడండి," అంది ఉషశ్రీ. అప్పటిదాకా ఆ మాట ముఖ్యమని ఆమెకు తోచలేదు. "మీరు షెడ్డుకెళ్ళాక కిందికొచ్చేడు. వెంకట్రాజు గారితో మాట్లాడాలన్నాడు. మీరు ఆలోచించుకోమన్నారట కదండీ, ఆలోచించుకున్నాడట. 'నాలుగింటికి ఆపాకి అంతా చెప్పేస్తాను, దానికి ముందు ఆయనంతట ఆయనే చెప్పుకునే ఛాన్సు ఇవ్వాలి కదా' అన్నాడండి. ఆయనే భుజం మీద చెయ్యేసి తీసుకెళ్ళేరు."

ఇందుజ ఏ మర్యాదకి ప్రాణం పోగొట్టుకుందో, ఈ పిచ్చి కుర్రాడు అదే మర్యాద మళ్ళీ అదే మనిషికి చేశాడు. ఆలోచించుకోమని చెప్పి వచ్చింది తనేనని మెహజబీన్‌కి గుర్తొచ్చింది. ఎవరి దగ్గరికీ వెళ్ళొద్దని ఒక్క మాట చెప్పి ఉంటే! రహీమాకి ఏ ముఖం పెట్టుకుని కనిపిస్తుంది?

రేవుకి పరిగెత్తారు. ఇంజను పడవ లేదు. కట్టుకొయ్యకి తాడు ముక్క వేలాడుతోంది. ముడి విప్పే తీరిక కూడా లేక కత్తితో కోసేశాడు. దూరంగా నీళ్ళ మీద పడవ, అందులో ఇంజను దగ్గర నిలబడ్డ మనిషి, ముందు వైపు బుద్ధిగా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఇంకో మనిషి. మెహజబీన్ గొంతు చించుకుని అరిచింది. ఇంజను హోరులో ఆ పిలుపు సగం దూరం కూడా పోలేదు.

"నాలుగింటికి ఏలూరు తీసుకెళ్తానన్నాడుగా," అన్నాడు శ్యామ్ సుందర్, తనకు తనే ధైర్యం చెప్పుకుంటున్నట్టు. "కాస్త ముందే బయల్దేరాడేమో."

కృపావరం అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఏలూరు ఉత్తరానికండి. పడవ దక్షిణానికి పోతోంది."

"అటువైపు ఏ ఊరుంది?"

"ఊరేం లేదండి. నీళ్ళేనండి."

శ్యామ్ సుందర్ పాలిష్ బూట్లతోనే బురదలోకి దిగి, దోనెకి ఆనించి ఉన్న గెడ అందుకున్నాడు. మెహజబీన్ చెప్పులు గట్టు మీద వదిలేసింది. ఊగుతున్న దోనెను చూడకుండా, దూరంగా చిన్నదైపోతున్న ఆ కుర్రాడి వీపునే చూస్తూ అందులో కాలు పెట్టింది.